1942 ఈషాపూర్ త్రీ నాట్ త్రీ: కోసేసిన చెక్కని మళ్ళీ నిలబెట్టిన డైరీ

ఫిబ్రవరి 8, శనివారం

రెండేళ్ళుగా వెతుకుతున్నది ఇవాళ దొరికింది. డాలస్ శివార్లలో జరిగిన గన్ షోలో, చివరి వరసలో, వేట సామాను అమ్మే ఒక డీలర్ టేబుల్ చివర పడుంది. పైకి చూస్తే అది మిలటరీ రైఫిల్ అని కూడా తెలియదు. గొట్టాన్ని కప్పి ఉండాల్సిన ముందు చెక్కని సగానికి కోసేశారు. పైన ఉండే హ్యాండ్‌గార్డ్ లేదు, మూతి దగ్గర ఉండే బరువైన ఇనుప నోస్‌క్యాప్ లేదు. గొట్టం బోసిగా బయటికి పొడుచుకొచ్చి ఉంది.

కానీ బోల్ట్ పిడి, అంటే తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ పిడి చూడగానే లీ-ఎన్‌ఫీల్డ్ అని, మనవాళ్ళు త్రీ నాట్ త్రీ అనేదే అని అర్థమైంది. పిడి వెనక, భుజానికి ఆనించే మడమ చెక్క మొదలయ్యే చోట ఇనుప పట్టీ ఉంటుంది, బట్ సాకెట్ అంటారు. దాని కుడివైపు జిడ్డుని బొటనవేలితో తుడిచాను. ముందు కిరీటం కనపడింది. దాని కింద జీ.ఆర్.ఐ., ఆ కింద ఈషాపూర్, 1942. ఇంకాస్త తుడిస్తే రకం తెలిపే మార్క్ 3, దాని పక్కన నక్షత్రం గుర్తు.

ఇది మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు. కలకత్తాకి పైన, హుగ్లీ ఒడ్డున ఉన్న ఈషాపూర్. 1904లో అక్కడ రైఫిల్ ఫ్యాక్టరీ పెట్టారు. జీ.ఆర్.ఐ. అంటే జార్జ్ రెక్స్ ఇంపరేటర్, జార్జి రాజు, చక్రవర్తి. ఇంగ్లండులో చేసిన రైఫిళ్ళ మీద జీ.ఆర్. వరకే ఉంటుంది. మన దగ్గర చేసినవాటికి చివర ఆ 'ఐ' తగిలించారు, ఆయన చక్రవర్తి అయింది మన దేశానికి కాబట్టి. స్వాతంత్ర్యం వచ్చాక అదే చోట అశోకుడి సింహాలు వచ్చాయి.

240 డాలర్లు అన్నాడు. బేరం ఆడలేదు. నాకు క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సు ఉంది. 30 డాలర్లు కడితే మూడేళ్ళు వస్తుంది, 50 ఏళ్ళు దాటిన పాత తుపాకులు సేకరించేవాళ్ళ కోసం. అయితే ఆ లెక్కలోకి రావాలంటే తుపాకి తయారైనప్పటి రూపంలోనే ఉండాలి. దీన్ని కోసేశారు కాబట్టి అందరిలాగే తుపాకి కొనేవాళ్ళ 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే తెచ్చుకున్నాను. ఇక్కడ కొత్తగా ఈ ఆసక్తి మొదలైన మనవాళ్ళకి ఒక మాట: వర్క్ వీసా మీద ఉన్నప్పుడు చట్టం సాధారణంగా తుపాకి కొననివ్వదు. నేను సిటిజన్‌షిప్ వచ్చేదాకా పుస్తకాలు చదువుతూ ఆగాను. ఇండియాకి తీసుకెళ్ళే ఆలోచన అసలే వద్దు. అక్కడ .303 ప్రజలకి నిషేధించిన బోరు, అంటే గొట్టం కొలత.

నా దగ్గర ఇంతకుముందే రెండున్నాయి. 1939 ఇఝెవ్‌స్క్ మోసిన్-నగాంట్ ఒకటి, స్వీడిష్ మౌజర్ ఎం96 ఒకటి. రెండూ మంచివే. మౌజర్ పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ వాటితో నాకు చుట్టరికం లేదు. దీనితో ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

గ్యారేజీలో పాత దుప్పటి పరిచి, లైటు కిందికి లాక్కుని కూర్చున్నాను. మొదటి పని నంబర్లు చూడటం. యాక్షన్ మీద, అంటే బోల్ట్ కదిలే ఇనుప భాగం మీద ఉన్న నంబరు, బోల్ట్ పిడి వెనక ఉన్న నంబరు ఒకటే. వెనక సైట్ రేకు అడుగున వేరే నంబరు ఉంది, ఎప్పుడో మార్చారు. సైట్ మీద 200 నుంచి 2000 గజాల దాకా గీతలున్నాయి. బాణం గుర్తు కింద 'ఐ' ఉంది, భారత ప్రభుత్వ ఆస్తి అని.

తర్వాత బోల్ట్ తీసి, వెనక నుంచి టార్చి వేసి, మూతి వైపు భూతద్దం పెట్టి చూశాను. మూతి అంచు గుండ్రంగా లేదు. ఎడమ కింద వైపు కొంచెం అరిగి, సన్నటి పల్లంలా ఉంది. మిగతా అంచంతా పదునుగానే ఉంది. అది చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

అది తాడు రాపిడి. గొట్టం శుభ్రం చేయడానికి సిపాయికి ఇచ్చేది పుల్‌త్రూ. ఒక చివర ఇత్తడి బరువు, రెండో చివర గుడ్డ పెట్టుకునే ఉచ్చు, మధ్యలో తాడు. బోల్ట్ తీసి, వెనక నుంచి బరువు జారవిడిచి, మూతిలోంచి తాడు పట్టుకుని ఒక్క ఊపున లాగాలి. తాడు పక్కకి వంగితే, రోజూ అదే చోట రాసుకుని, ఇసుక రేణువులు అంటుకున్న ఆ తాడే ఇనుముని తినేస్తుంది.

ఇది నాకు చెప్పింది మిలటరీ తాతయ్య. మాది తాడేపల్లిగూడెం దగ్గర. మా వైపు మాధవరం అని ఊరుంది. మిలటరీ మాధవరం అంటే ఎవరైనా దారి చూపిస్తారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న ఊరు. మా అమ్మమ్మ తమ్ముడిది ఆ ఊరే. రెండో యుద్ధంలో బర్మా వైపు పనిచేసి వచ్చాడు. వేసవి సెలవలకి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని, నల్ల గొడుగు భుజానికి ఆనించి, త్రీ నాట్ త్రీ ఎలా పేల్చాలో చూపించేవాడు. బోల్ట్ లాగేటప్పుడు గొడుగు భుజం మీద నుంచి కదిలేది కాదు. కన్ను గురి మీద నుంచి కదిలేది కాదు. తర్వాత అదే గొడుగుకి తువ్వాలు చుట్టి, "ఒరే అబ్బాయ్, తాడు సూటిగా లాగాలి. పక్కకి లాగావంటే మూతి అరిగిపోద్ది. మూతి అరిగితే గుండు ఎటు పోద్దో దానికే తెలీదు" అనేవాడు.

నేను డిగ్రీలో ఎన్‌సీసీలో చేరింది ఆయన వల్లే. అక్కడ డ్రిల్లుకి ఇచ్చినవి డీపీ రైఫిళ్ళు, అంటే కవాతుకే తప్ప పేల్చడానికి పనికిరానివి. పేల్చింది .22తో. అయినా బాజూ శస్త్ర అన్నప్పుడు భుజం మీద పడే ఆ నాలుగు కిలోల బరువు మర్చిపోలేదు. నిన్న టేబుల్ మీద నుంచి దీన్ని ఎత్తినప్పుడు చేతికి అదే బరువు తెలిసింది. చెక్క పోయింది కాబట్టి కాస్త తక్కువ.

మూతి బాగుచేయించుకోమంటే ఇక్కడ గన్‌స్మిత్ గంటలో లేత్ మీద పెట్టి అంచు సరిచేసి ఇస్తాడు. చేయించను. ఈ ప్రాజెక్టుకి నేను పెట్టుకున్న నియమం ఇది: పోయినదాన్ని తిరిగి పెడతాను, ఉన్నదాన్ని చెరపను. చెక్క కోసింది వేటగాడు, దాన్ని నిలబెడతాను. మూతి అరగదీసింది ఏదో బ్యారక్‌లో తొందరపడ్డ ఒక కుర్రాడి చెయ్యి. అది ఉంటుంది.

ఫిబ్రవరి 22, శనివారం

డబ్బు ఖర్చు పెట్టేముందు ఇది పేల్చడానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి. హెడ్‌స్పేస్ అంటే బోల్ట్ మూశాక తూటా వెనక మిగిలే ఖాళీ. ఎక్కువైతే తూటా కేసు సాగి చిరిగిపోతుంది. .303 తూటాకి వెనక అంచు, రిమ్ ఉంటుంది కాబట్టి కొలత ఆ రిమ్ దగ్గరే. మూడు గేజులు కొన్నాను: .064 అంగుళాల గో, .067 నో-గో, .070 ఫీల్డ్.

తూటా కేసుని వెనక్కి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్ తీసి, ఒక్క వేలితో బోల్ట్ మూస్తూ చూశాను. గో మీద మూసుకుంది, మూసుకోవాలి కూడా. నో-గో మీద కూడా మెల్లగా మూసుకుంది. అక్కడ టెన్షన్ పడ్డాను. ఫీల్డ్ గేజు మీద మూసుకోలేదు, సగంలో ఆగింది. మిలటరీ .074 దాకా అనుమతించేది, కాబట్టి ఇది బాగానే ఉన్నట్టు. యుద్ధంలో బురదతో, మకిలితో కూడా తూటా లోపలికి వెళ్ళాలని ఈ రైఫిళ్ళని వదులుగానే చేశారు.

గొట్టం లోపల వేరే కథ. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది, పదోది గోధుమ రంగులో, ఇరవయ్యోది ఆకుపచ్చగా. ఆకుపచ్చ అంటే రాగి, గుళ్ళ పైతొడుగు నుంచి గొట్టానికి అంటుకున్నది. మూడు రాత్రులు పట్టింది. చివరికి గుండుని తిప్పే ఐదు గాళ్ళూ కనపడ్డాయి, ఎడమవైపు మెలి తిరుగుతూ. లోపల అక్కడక్కడా తుప్పు తిన్న చుక్కలున్నాయి. పాత తూటాల ప్రైమర్‌లో, అంటే నిప్పు అంటించే మందులో, ఉప్పులాంటి పదార్థం మిగిలి, తేమ పీల్చి ఇనుముని తింటుంది. అందుకే అప్పట్లో పేల్చాక గొట్టంలో మరిగే నీళ్ళు పోసి కడిగేవారు.

మార్చి 8, శనివారం

ఇవాళ విప్పాను. ఈ రైఫిల్‌తో ఎవరైనా పనిచేయబోతుంటే ఈ పేరా మాత్రం వదలొద్దు. ముందు చెక్క తీయకుండా మడమని విప్పకూడదు. మడమని పట్టి ఉంచే పొడవాటి బోల్టు మడమ లోపల నుంచి వస్తుంది. దాని కొస నలుచదరంగా ఉండి, ముందు చెక్క వెనక భాగంలో ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క ఉండగానే ఆ బోల్టు తిప్పితే, నలుచదరపు కొస ఆ పలకని తిప్పుతుంది, పలక చెక్కని చీలుస్తుంది. నాకొచ్చిన సగం చెక్క సరిగ్గా అక్కడే చీలి ఉంది. కోసినవాడు మడమ కూడా విప్పబోయాడన్నమాట.

ముందు చెక్క తీశాక, మడమ అడుగున ఇత్తడి పలకలో ఉన్న చిన్న తలుపు తెరిచాను. లోపల నూనె సీసా, పుల్‌త్రూ పెట్టుకునే గూడు ఉంటుంది. సీసా లేదు. పుల్‌త్రూ ఉంది! గట్టిగా చుట్టి, కుక్కి పెట్టింది. తాడు బిరుసెక్కి కొయ్యలా ఉంది. ఉచ్చులో గుడ్డ ముక్క అలాగే ఉంది, నాలుగు అంగుళాలు పొడవు, రెండు అంగుళాలు వెడల్పు. ఎన్‌సీసీలో మేం చిందీ అనేవాళ్ళం. ఆ గుడ్డ నూనెకి గోధుమ రంగు తిరిగి, మడత మడతలోనే ఎండిపోయింది. ఎవరు పెట్టారో. తీయలేదు. ఫొటో తీసి, జిప్ కవర్లో పెట్టి, తేదీ రాసి డ్రాయర్లో ఉంచాను.

తాతయ్య రైఫిల్ ఇదే అని నేను చెప్పడం లేదు. రెండో యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో ఉన్నారు. కానీ ఇలాంటిదే ఆయన భుజం మీద ఉండేది. అది చాలు.

మార్చి 29, శనివారం

విడిభాగాల వేట. కావాల్సినవి: పూర్తి ముందు చెక్క, ముందు హ్యాండ్‌గార్డ్, నోస్‌క్యాప్, లోపలి పట్టీ, దాని స్ప్రింగు, స్క్రూ, బయటి పట్టీ, చెక్క కొసన గొట్టాన్ని పైకి నెట్టే చిన్న స్టడ్, దాని స్ప్రింగు. చిన్నవన్నీ దొరికాయి. చెక్కే కష్టం.

ఇవాళ వేరే గన్ షోకి వెళ్తే రెండు ఈషాపూర్‌లు పక్కపక్కన కనపడ్డాయి. ఒకటి 2ఏ1, 7.62 నాటో తూటాకి చేసింది. 1962 చైనా యుద్ధం తర్వాత మొదలైన రకం. దాన్ని పాత .303కి గొట్టం మార్చి చేశారని ఇక్కడ చాలామంది అనుకుంటారు. తప్పు. కొత్త తూటా ఒత్తిడి తట్టుకోవడానికి మెరుగైన ఉక్కుతో కొత్తగా చేశారు. అమ్మేవాడికి ఆ మాట చెప్పాను, ఆసక్తిగా విన్నాడు.

రెండోది చూసి మాత్రం మనసు చివుక్కుమంది. పైకి నాదానిలాంటిదే. గొట్టంలో చూస్తే గాళ్ళు లేవు, నున్నగా ఉంది. మ్యాగజైన్‌లో చెక్క దిమ్మ కుక్కారు. ఇవి .410 మస్కెట్లు. మంచి రైఫిల్ తీసుకుని, గొట్టం లోపల గీకేసి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేలా చేసి పోలీసులకి, జైలు వార్డర్లకి ఇచ్చేవారు. ఎవరైనా లాక్కున్నా దూరం పేలకూడదు, సైన్యం తూటా అందులో పనిచేయకూడదు. 1857 తర్వాత తెల్లదొరలకి మన చేతిలో తుపాకి అంటే ఉన్న భయం అంతా ఆ చెక్క దిమ్మలో కనపడుతుంది. పది తూటాలు పట్టాల్సిన చోట ఒక కొయ్యముక్క. మన దేశంలో వేటగాళ్ళకి .315 రైఫిల్ రావడం వెనకా అదే లెక్క. లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షనే, కానీ సైన్యం తూటా పట్టకూడదు. నిషిద్ధ బోరు అనే ఆ నియమం స్వాతంత్ర్యం తర్వాత కూడా అలాగే మిగిలిపోయింది.

కొనలేదు. డబ్బు చెక్క కోసం దాచాను.

మే 10, శనివారం

చెక్క వచ్చింది. వాడని మిలటరీ స్టాక్, మైనం కాగితంలో చుట్టి, గ్రీజు పట్టించి ఉంది. ఆనందంగా విప్పాను. వెనక భాగంలో, యాక్షన్ ఆనే చోట, బొటనవేలంత పొడవు చీలిక. అమ్మిన చోట పెట్టిన ఫొటోల్లో ఆ వైపు లేదు. మెయిల్ రాస్తే, పాత సామాను ఉన్నది ఉన్నట్టే అమ్ముతాం, వెనక్కి తీసుకోం అన్నారు. బాధ వేసింది, కోపం కూడా వచ్చింది. 190 డాలర్లు. ఇకమీదట ఆరు వైపులా ఫొటో పంపనిదే చెక్క కొనను.

సరిగ్గా ఆ చోటే ముఖ్యం. రైఫిల్ పేలినప్పుడు యాక్షన్ వెనక్కి తన్నేది అక్కడికే. రెండు చిన్న చెక్క గోడలు ఆ దెబ్బంతా కాస్తాయి. వాటిని డ్రాస్ అంటారు. ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీవాళ్ళు మెత్తటి చెక్క వాడాల్సి వచ్చినప్పుడు అక్కడ రాగి పలకలు పెట్టారంటే ఆ చోటు ఎంత దెబ్బ తింటుందో ఊహించుకోవచ్చు.

మే 24, శనివారం

జిడ్డు వదిలించాను. నల్ల చెత్త సంచిలో పాత గుడ్డలతో పాటు చెక్కని చుట్టి, పెరట్లో ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి గ్రీజు కరిగి గుడ్డల్లోకి దిగింది. మూడు రోజులు ఇదే. తర్వాత మినరల్ స్పిరిట్స్‌తో చీలిక లోపలిదాకా కడిగాను. జిడ్డు ఒక్క చుక్క ఉన్నా జిగురు పట్టదు.

అరాల్డైట్ లాంటి ఎపాక్సీ కొంచెం వేడి చేసి పలచగా చేసి, చీలికలోకి దారప్పోగుతో దింపాను. బిగించి రెండు రోజులు వదిలేశాను. తర్వాత అడ్డంగా రంధ్రం చేసి, సన్నటి ఇత్తడి కడ్డీ ఎక్కించి, రెండు చివరలూ చెక్కతో సమంగా రుద్దాను. ఈషాపూర్‌వాళ్ళే తమ రైఫిళ్ళ ముందు చెక్కలో అడ్డంగా బలం కోసం ఒక స్క్రూ వేసేవారు. దాన్ని చూసే ఇతర దేశాల సేకర్తలు ఇది ఇండియాది అని గుర్తుపడతారు. కాబట్టి నా ఇత్తడి చుక్క దీని ఇంట్లో పరాయిది కాదు.

జూన్ 14, శనివారం

నాలుగు శనివారాల పనిలో ఇది రెండోది. చెక్కని యాక్షన్‌కి అమర్చడం.

దీపం మసి పట్టాను. అమ్మమ్మ కాటుక పట్టినట్టే: ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, మసిని చుక్క నూనెతో కలిపాను. ఆ మసిని యాక్షన్ అడుగున ఇనుముకి పలచగా రాసి, చెక్కని పైకి తోసి, బిగించి, మళ్ళీ తీయాలి. చెక్క ఎక్కడ నల్లబడిందో అక్కడ ఇనుము తగులుతోందని అర్థం. ఆ చుక్కనే ఉలితో కాకుండా బ్లేడుతో గీకాలి. కాగితం మందం కన్నా తక్కువ. మళ్ళీ మసి, మళ్ళీ బిగింపు.

ఇవాళ ముప్పై ఒక్కసార్లు చేశాను. మొదట్లో ఎడమ గోడ ఒక్కటే నల్లబడింది. అంటే దెబ్బంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది, మళ్ళీ అక్కడే చీలుతుంది. పదిహేనోసారికి కుడివైపు ఆవగింజంత మచ్చ. ఇరవై ఐదోసారికి రెండూ కొత్తిమీర ఆకంత. చివర్లో రెండు గోడలూ సమంగా, నిండుగా నల్లబడ్డాయి. చెక్క ఇక చేత్తో లాగితే రావడం లేదు. అరచేత్తో కొడితేనే వస్తోంది. అదే కావాల్సింది.

మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి, "భోజనం చల్లారిపోతోందండీ" అంది. మూడోసారి ప్లేటు ఇక్కడికే తెచ్చి, నా చేతులు చూసి తనే కలిపి పెట్టింది.

జూన్ 28, శనివారం

గొట్టం మూతి దగ్గర కూడా ఇదే పద్ధతి. చెక్క కొసన ఉన్న చిన్న స్టడ్ గొట్టాన్ని పైకి నొక్కుతూ ఉండాలి. గొట్టం మధ్యలో ఎక్కడా చెక్కకి తగలకూడదు. ఒక డాలరు నోటు మడత పెట్టి గొట్టానికీ చెక్కకీ మధ్య లాగి చూశాను. ఆగకుండా వచ్చింది. పెద్దగా రాయడానికి ఏమీ లేదు, పని మాత్రం రోజంతా పట్టింది.

జూలై 12, శనివారం

నూనె పట్టే పని. పచ్చి అవిసె నూనె వాడుతున్నాను. సిపాయిలకి ఇచ్చిందీ అదే. మరిగించినదైతే తొందరగా ఆరుతుంది, కానీ పచ్చిది చెక్క లోపలికి దిగుతుంది. అరచేతిలో కొంచెం పోసుకుని, చెక్క వేడెక్కేదాకా రుద్దాలి. రోజుకొకసారి వారం రోజులు, వారానికొకసారి నెల. ఒక జాగ్రత్త: అవిసె నూనె గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. నేను విడివిడిగా సిమెంటు నేల మీద పరిచి ఆరబెట్టి, తర్వాత నీళ్ళలో ముంచి పారేస్తాను.

కొత్త ముందు చెక్క లేత తేనె రంగులో ఉంది. మడమ మాత్రం ఎనభై ఏళ్ళ చెమటకి, నూనెకి వక్కపలుకు రంగు తిరిగింది. తెలిసిన ఒక మిత్రుడు, అతనూ సేకరిస్తాడు, మడమని గరుకు కాగితంతో తీసేసి రెండూ ఒకే రంగు చేయమన్నాడు. ఒప్పుకోలేదు. ఆ మడమ మీద కుడివైపు ముద్రలున్నాయి, సగం అరిగినా వేలితో తడిమితే తెలుస్తాయి. ఒక చోట వరసగా మూడు చిన్న గాట్లున్నాయి. గరుకు కాగితం పది నిమిషాల్లో అన్నీ దుమ్ము చేసేస్తుంది. ఆ దుమ్ముని మళ్ళీ మడమకి అంటించలేం. లోతైన ఒక్క సొట్ట మాత్రం, చెక్క చిట్లేలా ఉన్నది, తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టి పైకి లేపాను. మిగతాదంతా సబ్బునీళ్ళు, నూనె, అంతే. సైన్యంలో చెక్కలు ఎన్నిసార్లు మారేవో, రెండు రంగుల రైఫిల్ వింతేమీ కాదు.

కోసేసిన పాత చెక్కని కూడా పారేయలేదు. చీటీ కట్టి అటక మీద పెట్టాను.

ఆగస్టు 2, శనివారం

బిగించాను. నోస్‌క్యాప్ చివరిది. అది ఎక్కగానే రైఫిల్ ముఖం మారిపోయింది. మొద్దు మూతి, గురికి రెండు వైపులా చెవులు, కింద బాయొనెట్ కోసం గుబ్బ. 44న్నర అంగుళాలు, 1907 నుంచి ప్రపంచానికి తెలిసిన ఆకారం. ఐదు నెలలుగా బల్ల మీద ముక్కలుగా ఉన్నది గోడకి ఆనించి నిలబడింది. కాసేపు లైటు తీసేయకుండా చూస్తూ కూర్చున్నాను.

అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. ముందు గుర్తుపట్టలేదు. కెమెరా మడమ వైపు తిప్పి, బోల్ట్ లాగి మూశాను. ఆ శబ్దం వినగానే, "పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర పారా కానిస్టేబుల్ చేతిలో ఉండేది కదరా" అంది. అవును. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే పెరేడ్‌లో. అప్పటికి వందేళ్ళు దాటినా డ్యూటీలోనే ఉండేది.

ఆగస్టు 16, శనివారం

రేంజ్. ముందు రోజు గన్‌స్మిత్ చేత మరోసారి అంతా చూపించాను. కొత్తగా తయారైన తూటాలే కొన్నాను. పాత మిలటరీ తూటా ఒకటి నా దగ్గర ఉంది, మందు తీసేసి చూడటానికి పెట్టుకున్నది. లోపల మందు పొడిలా ఉండదు, కార్డైట్ సేమియా పోగుల్లా ఉంటుంది. చూడటానికే, పేల్చడానికి కాదు.

మొదటి తూటా రైఫిల్‌ని బల్లకి కట్టి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి దూరం నుంచి లాగి పేల్చాను. కేసు తీసి గోరుతో, భూతద్దంతో చుట్టూ చూశాను. చిరుగు లేదు, వెలిసిన గీత లేదు. అప్పుడు భుజానికి ఎత్తాను.

ఐదేసి తూటాల క్లిప్పులు రెండు. లోపలికి నొక్కేటప్పుడు ప్రతి తూటా రిమ్ కిందదాని రిమ్‌కి ముందు ఉండాలి, వెనకపడితే ఇరుక్కుపోతుంది. ఈ బోల్ట్ మౌజర్‌లా తెరిచేటప్పుడు కాక, మూసేటప్పుడు స్ప్రింగుని బిగిస్తుంది. తిప్పాల్సిందీ తక్కువే. అందుకే తెరవడం అంత తేలిక. మూసేటప్పుడు చేతి బరువంతా దానితోనే ముందుకి పోతుంది. రెండో తూటా నుంచి నేను కూడా భుజం కదపకుండా లాగగలిగాను. నిమిషానికి పదిహేను గురిచూసి పేల్చాలని ఆనాటి సిపాయిలకి శిక్షణ ఇచ్చేవారు. నాకు పది పేల్చడానికి రెండు నిమిషాలు పైనే పట్టింది. తొందరేమీ లేదు.

100 గజాల దగ్గర అన్నీ కాగితం మీదే పడ్డాయి. చివరి ఐదింటిలో నాలుగు అరచేయంత చోటులో, ఒకటి బయట. గురికి కాస్త పైన పడ్డాయి. సైట్‌లో అన్నిటికన్నా తక్కువ గీత 200 గజాలది కాబట్టి అది మామూలే. కొంచెం ఎడమకి కూడా పోతున్నాయి. ముందు సైట్‌ని ఎడమకే ఒక వెంట్రుక జరపాలి. వచ్చే శనివారం.

ఇంటికొచ్చి, రైఫిల్‌ని దుప్పటి మీద పడుకోబెట్టి, బోల్ట్ తీశాను. డ్రాయర్లోని పాత పుల్‌త్రూ కదపలేదు, కొత్తది కొన్నాను. పాప వచ్చి పక్కన కూర్చుంది. ఐదో క్లాసు. చిందీ మడత పెట్టి ఉచ్చులో ఎలా పెట్టాలో చూపించాను. వెనక నుంచి ఇత్తడి బరువు జారవిడిస్తే, గొట్టంలోంచి గలగలమని వెళ్ళి మూతిలోంచి బయటికి వచ్చింది. తాడు కొస పాప చేతికిచ్చాను. మూతి అరిగిన చోటు వేలితో తడిమించి, ఎందుకు అరిగిందో చెప్పాను. తను లేచి, సరిగ్గా గొట్టానికి ఎదురుగా వెళ్ళి నిలబడి, రెండు చేతులతో తాడు పట్టుకుంది.

"సూటిగానే ఉందా నాన్నా?"

వంగి చూశాను. తాడు ఎక్కడా అంచుకి తగలడం లేదు.

"ఉంది. లాగు."

ఒక్క ఊపున లాగింది. చిందీ నల్లగా బయటికొచ్చింది. ఇంకో తెల్లటి ముక్క కోసం చెయ్యి చాపింది.